పది రూపాయల యూనిట్, పదిహేను రోజుల గడువు: కొత్త టెక్నాలజీ ఫండ్‌ను తూకం వేయడం ఎలా?

"కొత్త టెక్నాలజీ ఫండ్ వచ్చిందట. యూనిట్ పది రూపాయలే. శుక్రవారంతో గడువు అయిపోతుంది. పెట్టమంటారా?"

నెలకు రెండు మూడుసార్లైనా ఎవరో ఒకరు నన్ను ఇలా అడుగుతారు. ఫండ్ పేరు మారుతూ ఉంటుంది. ఒకప్పుడు డిజిటల్ అనేవారు, తర్వాత ఇన్నోవేషన్ అన్నారు, ఈ మధ్య కృత్రిమ మేధ అంటున్నారు. ప్రశ్నలోని మూడు ముక్కలు మాత్రం మారవు: కొత్తది, పది రూపాయలు, గడువు. ఫండ్ మంచిదో కాదో ఈ మూడింటిలో ఏదీ చెప్పదు. అడిగిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా రాసి చేయి నొప్పి పుట్టింది. అందుకని కొత్త థీమ్ ఫండ్ (ఒకే రంగం లేదా ఒకే ఆలోచన చుట్టూ షేర్లు కొనే మ్యూచువల్ ఫండ్) ఎదురైనప్పుడు నేను ఏ వరసలో చూస్తానో ఇక్కడ పెడుతున్నాను. గంట, గంటన్నర పని. ఎక్కువసార్లు తేలేది "ఇప్పుడు వద్దు, ఏడాది ఆగి చూద్దాం" అనే. ఆ మాట చివరిదాకా దాచడం నాకు ఇష్టం లేదు.

గడువు గురించి, పది రూపాయల గురించి

ఓపెన్ ఎండెడ్ ఫండ్ (ఎప్పుడైనా కొని, అమ్ముకోగలిగేది) ఎన్‌ఎఫ్‌ఓ, అంటే కొత్త ఫండ్ తొలి అమ్మకం, గరిష్ఠంగా 15 రోజులు తెరిచి ఉంటుంది. గడువు ముగిశాక యూనిట్లు కేటాయిస్తారు. కేటాయింపు జరిగిన ఐదు పని దినాల్లో ఫండ్ మళ్లీ తెరుచుకోవాలి. ఆ తర్వాత ఏ పని దినమైనా, ఎంతైనా కొనుక్కోవచ్చు. ఐపీఓలో లాగా ఇన్నే యూనిట్లు అన్న లెక్క ఇక్కడ లేదు. గడువు దాటితే చేజారేది ఏమీ లేదు. క్లోజ్ ఎండెడ్ ఫండ్ (గడువు తర్వాత ఫండ్ హౌస్ కొత్త యూనిట్లు అమ్మనిది) అయితేనే గడువుకు అర్థం ఉంటుంది. అది ఏ రకమో ఫండ్ వివరాల పత్రం మొదటి పేజీలోనే రాసి ఉంటుంది, చూసుకోండి.

ఇక పది రూపాయలు. కొత్త ఫండ్ ఎన్‌ఏవీ (ఒక్కో యూనిట్ విలువ) 10, పాత ఫండ్ ఎన్‌ఏవీ 200 అనుకుందాం. రెండూ అవే షేర్లు, అదే నిష్పత్తిలో కొన్నాయి. మీరు ఒక్కోదానిలో పదివేలు పెట్టారు. కొత్తదానిలో 1,000 యూనిట్లు వస్తాయి, పాతదానిలో 50. షేర్లు పది శాతం పెరిగితే ఎన్‌ఏవీలు 11, 220 అవుతాయి. 1,000 × 11 అన్నా, 50 × 220 అన్నా పదకొండు వేలే. యూనిట్ ధర తక్కువ ఉన్నంత మాత్రాన ఫండ్ చౌక అయిపోదు. ఫండ్ కొనబోయే షేర్లు ఖరీదుగా ఉన్నాయా, చౌకగా ఉన్నాయా అన్నదే అసలు ధర. దాన్ని ఐదో మెట్టులో చూద్దాం.

కావలసినవి

- స్కీమ్ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్, అంటే ఎస్‌ఐడీ. ఫండ్ హౌస్ వెబ్‌సైట్‌లోనూ, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వెబ్‌సైట్‌లోనూ దొరుకుతుంది. ప్రకటనల కాగితం దీనికి బదులు కాదు.
- ఆ ఫండ్ ప్రామాణికంగా పెట్టుకున్న సూచీ (ఇండెక్స్, అంటే ఫండ్ తన రాబడిని పోల్చుకునే షేర్ల జాబితా) ఫ్యాక్ట్‌షీట్. స్టాక్ ఎక్స్ఛేంజీలైన ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ సూచీల సైట్లలో ఉచితం.
- మీ కన్సాలిడేటెడ్ అకౌంట్ స్టేట్‌మెంట్. మీ చేతిలో ఇప్పటికే ఏ ఫండ్లు, ఎంత విలువకు ఉన్నాయో ఒకేచోట తెలియాలి.
- మీ పాత ఫండ్ల తాజా నెలవారీ పోర్ట్‌ఫోలియోలు.
- కాగితం, పెన్ను, ఫోనులోని కాలిక్యులేటర్.

మీ పాత ఫండ్ల జాబితా దగ్గర లేకపోతే పని మొదలుపెట్టకండి. కొత్త ఫండ్ ఒక్కదాన్నే బల్ల మీద పెట్టి చూస్తే ఏ ఫండైనా బాగానే కనిపిస్తుంది.

1. పేరు మూసేసి కారణం రాయండి

కాగితం మీద ఒక్క వాక్యం రాయండి: "నేను ఈ ఫండ్‌లో ఇంత మొత్తం, ఇన్నేళ్లకు పెడుతున్నాను, ఎందుకంటే..." ఆ వాక్యంలో ఫండ్ పేరు, ఫండ్ హౌస్ పేరు, "భవిష్యత్తు" అనే మాట ఉండకూడదు. "టెక్నాలజీయే భవిష్యత్తు" అన్నది నిజమే కావచ్చు. కానీ ఆ సంగతి మీకూ నాకూ తెలిసిన రోజుకే షేర్ల ధరలకూ తెలిసిపోయి ఉంటుంది. రాయలేకపోతే ఇక్కడే ఆగిపోవచ్చు, మిగతా గంట మిగులుతుంది.

2. ఎస్‌ఐడీలో "టెక్నాలజీ" అంటే ఏమని రాశారో చూడండి

పత్రం వంద పేజీలకు పైనే ఉండవచ్చు. అంతా చదవనక్కరలేదు. మూడుచోట్ల ఆగితే చాలు: ఆస్తుల కేటాయింపు పట్టిక, పెట్టుబడి వ్యూహం, ప్రామాణిక సూచీ.

థీమ్ ఫండ్ కనీసం 80 శాతం సొమ్మును ఆ థీమ్‌లోనే పెట్టాలన్నది 2017 అక్టోబరులో సెబీ తెచ్చిన వర్గీకరణ నియమం. మిగిలిన 20 శాతంలో ఏమి కొనవచ్చో పట్టికలో ఉంటుంది. అంతకంటే ముఖ్యం ఆ 80 శాతానికి ఇచ్చుకున్న నిర్వచనం. "టెక్నాలజీ కంపెనీలు" అని మాత్రమే ఉందా, లేక "టెక్నాలజీని అభివృద్ధి చేసే, వాడే, దానివల్ల లాభపడే కంపెనీలు" అని ఉందా? రెండోది అయితే బ్యాంకు కూడా అందులోకి వస్తుంది, ఆసుపత్రి కూడా వస్తుంది. ఈ రోజుల్లో టెక్నాలజీ వాడని కంపెనీ ఎక్కడ ఉంది? నిర్వచనం అంత వెడల్పుగా ఉంటే మీరు కొంటున్నది టెక్నాలజీ ఫండ్ కాదు, టెక్నాలజీ అని పేరు పెట్టుకున్న మామూలు ఈక్విటీ ఫండ్.

నేను చేసే పరీక్ష ఒకటుంది. నాకు తెలిసిన పది కంపెనీల పేర్లు రాసుకుంటాను: ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ, ఒక బ్యాంకు, ఒక సిమెంటు కంపెనీ, ఒక టెలికాం సంస్థ, ఒక ఆన్‌లైన్ సరుకుల యాప్, ఇలా. ఆ నిర్వచనం ప్రకారం వీటిలో ఏవి ఫండ్‌లోకి రాలేవో కొట్టేస్తాను. రెండే పోయి ఎనిమిది మిగిలితే ఆ పత్రాన్ని మూసేస్తాను.

ఇన్ని థీమ్ ఫండ్లు ఎందుకు వస్తున్నాయని కూడా చాలామంది అడుగుతారు. అదే 2017 నియమం ప్రకారం లార్జ్ క్యాప్ (పెద్ద కంపెనీలు), మిడ్ క్యాప్ (మధ్యస్థాయి కంపెనీలు) లాంటి వర్గాల్లో ఒక్కో ఫండ్ హౌస్‌కు ఒక్కో స్కీమ్ మాత్రమే ఉండాలి. రంగాల, థీమ్‌ల ఫండ్లకు ఆ కట్టడి లేదు. కొత్త డబ్బు రాబట్టుకోవాలంటే తెరిచి ఉన్న తలుపు అదే. అది మీ అవసరం చూసి వచ్చిన ఫండ్ కాకపోవచ్చని గుర్తుంచుకుంటే చాలు.

3. సూచీ ఏదో చూడండి

పేరు కంటే సూచీయే ఎక్కువ నిజం చెబుతుంది. నిఫ్టీ ఐటీలో ఉండేవి పదే కంపెనీలు, అన్నీ ఐటీ రంగానివే. వాటిలో పెద్దవాటి ఆదాయంలో సింహభాగం విదేశీ ఖాతాదారుల నుంచి వస్తుంది. బీఎస్‌ఈ టెక్ అలా కాదు. అందులో ఐటీతోపాటు టెలికాం, మీడియా కూడా ఉంటాయి. అందుకే టెక్నాలజీ ఫండ్ పోర్ట్‌ఫోలియో తెరిచిన కొత్తవారు భారతీ ఎయిర్‌టెల్ పేరు చూసి "ఇది ఇక్కడెందుకుంది?" అని అడుగుతుంటారు. నిఫ్టీ ఇండియా డిజిటల్ సూచీలో ఈ-కామర్స్ కంపెనీలు కూడా చేరతాయి.

మూడింటి నడక మూడు రకాలు. అమెరికాలో ఐటీ ఖర్చులు తగ్గితే మొదటిది ఎక్కువగా కుంగుతుంది, మూడోది అంతగా కాకపోవచ్చు. ఫండ్ పేరులో "కృత్రిమ మేధ" అని ఉండి సూచీ మాత్రం నిఫ్టీ ఐటీయో, బీఎస్‌ఈ టెక్కో అయితే, అక్కడున్నది చాలావరకు పాత ఐటీ సేవల కంపెనీలేనని అర్థం చేసుకోండి.

కొత్త ఫండ్ సూచీ ఫండ్ (సూచీలోని షేర్లనే అదే నిష్పత్తిలో కొనేది) అయితే ఇంకో జాగ్రత్త. ఇలాంటి రంగాల సూచీలో ఒక్క కంపెనీ వాటా 35 శాతం వరకు, పై మూడు కంపెనీల వాటా కలిపి 65 శాతం వరకు ఉండేందుకు సెబీ నియమాలు అనుమతిస్తాయి. అంటే థీమ్ అని కొంటున్నది ఒక్కోసారి మూడు కంపెనీలే కావచ్చు. ఫ్యాక్ట్‌షీట్‌లో పై మూడింటి శాతాలు కూడి చూడండి. ఆ మొత్తం సగం దాటితే, ఆ మూడు షేర్లనూ విడిగా కొనే ధైర్యం మీకు ఉందా అని ప్రశ్నించుకోండి.

4. మీ దగ్గర ఇప్పటికే ఎంత ఉందో లెక్క కట్టండి

అందరూ దాటవేసే మెట్టు ఇదే. నేనూ ఒకసారి దాటవేశాను. కొన్నేళ్ల క్రితం ఒక డిజిటల్ థీమ్ ఎన్‌ఎఫ్‌ఓలో చేరి, "కొత్త రంగంలోకి అడుగు పెట్టాను" అని సంబరపడ్డాను. ఏడాదిన్నర తర్వాత ఒక ఆదివారం రెండు పోర్ట్‌ఫోలియోలు పక్కపక్కన పెట్టి చూస్తే, దాని పై ఐదు కంపెనీల్లో నాలుగు నా ఫ్లెక్సీ క్యాప్ ఫండ్‌లో (చిన్నా పెద్దా ఏ కంపెనీలనైనా కొనగలిగే ఫండ్) ముందునుంచీ ఉన్నవే. అవే షేర్లకు ఎక్కువ ఖర్చు కట్టి ఇంకో సంచిలో మోశానన్నమాట.

లెక్క ఇలా చేయండి. మీ మొత్తం ఈక్విటీ పెట్టుబడి 10 లక్షలు అనుకుందాం. ప్రతి ఫండ్ నెలవారీ పోర్ట్‌ఫోలియోలో ఐటీ రంగం వాటా ఎంతో రాసుకోండి. ఆ శాతాన్ని ఆ ఫండ్‌లో మీ విలువతో గుణించి అన్నీ కూడండి. మొత్తం 1 లక్షా 20 వేలు వచ్చిందనుకోండి. అంటే మీ దగ్గర ఇప్పటికే 12 శాతం ఐటీ ఉంది. పెద్ద కంపెనీల సూచీ ఫండ్ ఒక్కటే ఉన్నా ఈ సంఖ్య సున్నా రాదు, ఎందుకంటే నిఫ్టీ 50లోనే ఐటీ వాటా సుమారు పదో వంతు. ఇప్పుడు కొత్త ఫండ్‌లో లక్ష పెడితే, అదంతా ఐటీయే అనుకుంటే, 11 లక్షల్లో 2 లక్షల 20 వేలు ఐటీ అవుతుంది. 12 శాతం 20కి చేరింది. మీరు కోరుకున్నది ఇదేనా? అవునంటే ముందుకు వెళ్లండి. "అయ్యో, నేను వైవిధ్యం కోసం అనుకున్నానే" అంటే ఇక్కడితో సరి.

మీరు ఐటీ రంగంలోనే ఉద్యోగం చేస్తుంటే ఈ లెక్కలో మీ జీతాన్ని కూడా తలచుకోండి. రంగం కుంగిన ఏడాది జీతం పెంపు, బోనస్, ఫండ్ విలువ ఒకేసారి తగ్గుతాయి. కంపెనీ ఇచ్చిన షేర్లు కూడా ఉంటే అవీ అదే దారి పడతాయి.

ఇప్పటికే ఒక టెక్నాలజీ ఫండ్ ఉన్నవారు రెండో లెక్క చేయాలి. పాతదానిలోనూ కొత్తదానిలోనూ ఉన్న ప్రతి కంపెనీకి రెండు శాతాల్లో చిన్నదాన్ని తీసుకుని కూడండి. ఇన్ఫోసిస్ ఒకదానిలో 20, మరోదానిలో 16 అయితే 16. టీసీఎస్ 12, 14 అయితే 12. ఎయిర్‌టెల్ 10, 8 అయితే 8. ఈ అంకెలు లెక్క చూపడానికి వేసినవే, మీవి మీరు వేసుకోండి. కూడిక 50 దాటితే రెండో ఫండ్ అనవసరమన్నది నా లెక్క.

ఎన్‌ఎఫ్‌ఓ సమయానికి కొత్త ఫండ్‌కు పోర్ట్‌ఫోలియోయే ఉండదు కదా అంటారేమో. నిజమే. సూచీ కంపెనీల జాబితానే దానికి బదులుగా వాడండి. ఏడాది ఆగమని నేను చెప్పడానికి సగం కారణం ఇదే. అప్పటికి అసలు పోర్ట్‌ఫోలియో చేతికి వస్తుంది.

5. షేర్లు ఏ ధరలో ఉన్నాయో చూడండి

ప్రకటనలో గ్రాఫ్ ఉంటే మొదట ఎడమ చివర చూడండి, అది ఏ తేదీన మొదలైందో. 2020 మార్చిలో మార్కెట్ పడిపోయి అడుగున ఉన్న చోట మొదలైతే ఏ గీతైనా కొండెక్కినట్టే కనిపిస్తుంది.

తర్వాత, సూచీ గత రాబడులు ఇచ్చి ఉంటే ఆ సూచీ నిజంగా ఎప్పుడు ప్రారంభమైందో చూడండి. ఫ్యాక్ట్‌షీట్‌లో ప్రారంభ తేదీ, ఆధార తేదీ అని రెండు ఉంటాయి. ప్రారంభ తేదీ 2022 ప్రాంతంలో, ఆధార తేదీ 2005 ప్రాంతంలో ఉంటే, మధ్యలోని ఏళ్ల రాబడులన్నీ వెనక్కి తిరిగి కట్టిన లెక్కలు. ఆ ఏళ్లలో ఆ సూచీని చూసి ఎవరూ డబ్బు పెట్టలేదు. జరిగిపోయిన పరీక్షకు జవాబు పత్రం రాయడం కష్టమా?

ఇప్పుడు ధర. ఎన్‌ఎస్‌ఈ సైట్లో ఆ సూచీ ప్రస్తుత పీఈ (షేర్ల ధర వాటి లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) చూసి, గత ఐదు, పదేళ్ల పీఈతో పోల్చండి. పై అంచుకు దగ్గరగా ఉందా, మధ్యలో ఉందా, కింద ఉందా అన్నది తెలిస్తే చాలు. పీఈ ఒక్కదాన్ని చూసి కొనకండి, అమ్మకండి. పై అంచున ఉన్నప్పుడు మాత్రం ఏకమొత్తం పెట్టే ఆలోచన మానుకోండి.

ఇది ఎందుకు అవసరమో రెండేళ్ల లెక్క చాలు. నిఫ్టీ ఐటీ సూచీ 2021లో దాదాపు 60 శాతం పెరిగింది. 2022లో దాదాపు 26 శాతం పడింది. 2021 మొదట్లో వంద పెట్టినవారికి రెండేళ్ల చివర 118 మిగిలింది. ఆ 60 శాతం చూసి 2022 జనవరిలో వంద పెట్టినవారికి 74 మిగిలింది. ఆ 74 మళ్లీ వంద కావాలంటే 35 శాతం పెరగాలి.

కొత్త ఫండ్లు చాలావరకు 2021 లాంటి ఏడాది తర్వాతే వస్తాయి. కారణం సులభం, అమ్ముడుపోయేది అప్పుడే. అమెరికాలో ప్రత్యేక థీమ్‌ల ఈటీఎఫ్‌ల (షేర్లలాగే మార్కెట్లో కొని అమ్మే ఫండ్ల) మీద జరిగిన ఒక పరిశోధన 2023లో ప్రచురితమైంది. నష్టభయాన్ని సర్దుబాటు చేసి చూస్తే అవి మొదటి ఐదేళ్లలో సుమారు 30 శాతం వెనకబడ్డాయని అందులో తేలింది. ఖర్చులు అందుకు కారణం కాదని, ఫండ్ తెరిచే నాటికే ఆ షేర్లు అతిగా పెరిగి ఉండడమే కారణమని పరిశోధకులు రాశారు. 2021లో ఫేస్‌బుక్ మెటాగా పేరు మార్చుకున్న ఏడాదే అమెరికాలో, దక్షిణ కొరియాలో మెటావర్స్ ఫండ్లు పుట్టుకొచ్చాయి. ఇప్పుడు ఆ పేరు ఎత్తేవారు ఎంతమంది?

ఇంకా పాత సంగతి కావాలంటే, అమెరికాలో టెక్నాలజీ కంపెనీలు ఎక్కువగా ఉండే నాస్డాక్ సూచీ 2000 మార్చి 10న 5,048 దగ్గర ముగిసింది. 2002 అక్టోబరు నాటికి 1,114కు జారింది. ఆ 5,048ని మళ్లీ దాటి ముగియడానికి 2015 ఏప్రిల్ దాకా పట్టింది. ఇంటర్నెట్ ప్రపంచాన్ని మార్చేస్తుందన్న అంచనా అక్షరాలా నిజమైంది. అయినా శిఖరం మీద కొన్నవారు పదిహేనేళ్లు ఆగారు.

6. ఖర్చులు, నిష్క్రమణ రుసుము

ఎస్‌ఐడీలో ఇచ్చే ఖర్చుల శాతం గరిష్ఠ పరిమితి. ఫండ్ మొదలయ్యాక అసలు వసూలు చేసేది ఎంతో ఫండ్ హౌస్ సైట్లో చూడాలి. డైరెక్ట్ (మధ్యవర్తి లేకుండా కొనేది), రెగ్యులర్ (పంపిణీదారు ద్వారా కొనేది) ప్లాన్ల తేడా కూడా అక్కడే కనిపిస్తుంది. ఒక శాతమే కదా అనుకోకండి. లక్ష రూపాయలు పదిహేనేళ్లలో 12 శాతం చొప్పున సుమారు 5 లక్షల 47 వేలు అవుతుంది. 11 శాతం చొప్పున 4 లక్షల 78 వేలే. తేడా దాదాపు 69 వేలు.

ఎగ్జిట్ లోడ్, అంటే త్వరగా అమ్మితే పట్టే నిష్క్రమణ రుసుము, ఎంత, ఎన్నాళ్లు అన్నది రాసుకోండి. ఇక్కడ ఇంతకంటే తవ్వాల్సింది లేదు.

7. ఎవరు నడుపుతారు?

మేనేజర్ పేరు, ఆయన చేతిలో ఇప్పటికే ఎన్ని స్కీములు ఉన్నాయన్న వివరం ఎస్‌ఐడీలోనే దొరుకుతుంది. ఈ రంగంలో ఆయన ఇంతకుముందు ఫండ్ నడిపి ఉంటే దాని రాబడిని టోటల్ రిటర్న్ సూచీతోనే పోల్చండి. డివిడెండ్లు కలపని మామూలు సూచీతో పోలిస్తే ఫండ్ ఉన్నదానికంటే అందంగా కనిపిస్తుంది.

ఇంకో పని చేయండి, దీన్ని దాదాపు ఎవరూ చేయరు. అదే ఫండ్ హౌస్ మూడు నాలుగేళ్ల క్రితం తెచ్చిన థీమ్ ఎన్‌ఎఫ్‌ఓలు ఏమయ్యాయో చూడండి. వాటి గురించి ఇప్పుడు ప్రకటనలు ఉండవు, ఎన్‌ఏవీలు మాత్రం ఉంటాయి.

8. విదేశీ షేర్లు ఉన్నాయా?

కృత్రిమ మేధ, చిప్‌ల కంపెనీల్లో పెద్దవి చాలావరకు విదేశాల్లోనే ఉన్నాయి కాబట్టి కొన్ని ఫండ్లు బయట కొంటామని చెబుతాయి. మూడు విషయాలు చూడండి. ఒకటి, పట్టికలో విదేశీ వాటా "తప్పక" అని ఉందా, "గరిష్ఠంగా ఇంత" అని ఉందా? రెండోదైతే అది సున్నా కూడా కావచ్చు. రెండు, మన మ్యూచువల్ ఫండ్లన్నిటికీ కలిపి విదేశీ పెట్టుబడికి 700 కోట్ల డాలర్ల పరిమితి ఉంది. అది నిండుకోవడంతో 2022 ఫిబ్రవరిలో చాలా ఫండ్లు కొత్త డబ్బు తీసుకోవడం ఆపేశాయి. మీ సిప్ (నెలనెలా కట్టే పెట్టుబడి) మధ్యలో ఆగిపోయే అవకాశం ఉందని తెలుసుకుని చేరండి. మూడు, దేశీయ షేర్ల వాటా 65 శాతానికి తగ్గితే ఈక్విటీ ఫండ్ పన్ను లెక్క వర్తించదు. ఎస్‌ఐడీలో పన్ను భాగం చదవండి.

9. ఎంత పెట్టాలి, ఎప్పుడు అమ్మాలి?

ఇన్ని మెట్లు దాటి వచ్చిన ఫండ్‌కు కూడా మొత్తం ఈక్విటీలో 5 శాతం మించి ఇవ్వను. పది శాతం దాకా ఫరవాలేదనేవారూ ఉన్నారు. వారితో వాదించను, కానీ నాలుగో మెట్టులోని సంఖ్యను కూడా కలుపుకుని చెప్పమంటాను.

అమ్మే నియమం కొనకముందే రాయాలి. ఫ్లెక్సీ క్యాప్ ఫండ్‌లో రంగం కుంగుతుందనిపిస్తే మేనేజర్ తగ్గించుకుంటాడు. థీమ్ ఫండ్‌లో ఆ వెసులుబాటు ఉండదు, 80 శాతం అక్కడే ఉంచి తీరాలి. బయటికి రావడం మీ బాధ్యత. "నా ఈక్విటీలో దీని వాటా 8 శాతం దాటితే 5కి దించుతాను" అన్నది నా నియమం. "మూడేళ్లు వరసగా సూచీ కంటే వెనకబడితే బయటికి" అన్నది రెండోది.

అంత ఓపిక లేకపోతే వేరే దారులు ఉన్నాయి. పదిహేను, ఇరవై ఏళ్ల చరిత్ర ఉన్న టెక్నాలజీ ఫండ్లు మన దగ్గరే ఉన్నాయి, మంచి కాలంలోనూ చెడ్డ కాలంలోనూ అవి ఎలా నడిచాయో చూసి ఎంచుకోవచ్చు. డీమ్యాట్ ఖాతా ఉంటే తక్కువ ఖర్చుతో నిఫ్టీ ఐటీ ఈటీఎఫ్ కొనుక్కోవచ్చు. ఏమీ చేయకపోవడం కూడా ఒక దారే, మీ పాత ఫండ్లలో ఐటీ ఎలాగూ ఉంది.

తరచుగా జరిగే పొరపాట్లు

పాత ఫండ్ అమ్మి కొత్తదానిలోకి మారడం. ఇది అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. స్విచ్ అంటే చట్టం దృష్టిలో అమ్మకమే. ఏడాది దాటిన ఈక్విటీ ఫండ్ లాభంలో ఆర్థిక సంవత్సరానికి 1 లక్షా 25 వేలు పోను మిగిలినదానిపై 12.5 శాతం పన్ను పడుతుంది. ఏడాదిలోపు అయితే 20 శాతం. మూడు లక్షల దీర్ఘకాలిక లాభం ఉన్న ఫండ్‌ను అమ్మి, "పది రూపాయల" ఫండ్‌లో చేరితే 1 లక్షా 75 వేల మీద 21,875 రూపాయలు పన్ను, పైన సెస్సు. కొత్త ఫండ్ ఒక్క రూపాయి సంపాదించకముందే అంత పోయింది. మారమని సలహా ఇచ్చినవారిని ఈ అంకె అడగండి. ఒకే ఫండ్ హౌస్‌లో పాత స్కీము నుంచి ఎన్‌ఎఫ్‌ఓలోకి మార్పిస్తే, రెండు స్కీముల కమీషన్లలో తక్కువదే పంపిణీదారుకు దక్కాలన్న నియమం 2025లో వచ్చింది. అలా మార్పించే అలవాటు ఎంతగా ఉండేదో ఆ నియమమే చెబుతోంది.

రిస్కోమీటర్ (ఫండ్ నష్టభయం ఎంతో చూపే బొమ్మ) చూడకపోవడం. ఆరు స్థాయుల్లో థీమ్ ఫండ్ల ముల్లు మామూలుగా చివరిదైన "అత్యధికం" మీదే ఉంటుంది. మూడేళ్లలో అవసరమయ్యే పెళ్లి డబ్బు, ఫీజుల డబ్బు ఇక్కడికి రాకూడదు.

ప్రతి ఎన్‌ఎఫ్‌ఓలో ఐదువేలు పెట్టడం. ఐదేళ్లకు పద్దెనిమిది ఫండ్లు తేలతాయి, ఒక్కటీ లెక్కలోకి వచ్చేంత పెద్దది కాదు, ఒక్కదానినీ గమనించే తీరిక ఉండదు.

మొదటి మూడు నెలల ఎన్‌ఏవీ చూసి సంతోషించడం, బాధపడటం. డబ్బు ఇంకా పూర్తిగా షేర్లలోకి వెళ్లకముందు 10.40 అయినా 9.70 అయినా దానికి అర్థం లేదు.

చేరితే, చేరాక చూసుకోవలసినవి

కేటాయింపు స్టేట్‌మెంట్ రాగానే ప్లాన్ డైరెక్టా రెగ్యులరా, గ్రోత్ ఆప్షన్ (లాభం పంచకుండా ఫండ్‌లోనే ఉంచేది) పడిందా, నామినీ ఉన్నారా అన్నవి చూడండి. ఇక్కడ తప్పు జరిగితే మొదటి వారంలో దిద్దుకోవడం తేలిక.

2025 ఏప్రిల్ నుంచి, ఎన్‌ఎఫ్‌ఓలో వచ్చిన డబ్బును యూనిట్ల కేటాయింపు నుంచి 30 పని దినాల్లో షేర్లలో పెట్టాలి. కారణాలు చూపితే మరో 30 పని దినాల పొడిగింపు ఉంటుంది. అప్పటికీ పెట్టకపోతే ఎగ్జిట్ లోడ్ లేకుండా బయటికి వచ్చే హక్కు మీకు ఉంది. కాబట్టి రెండో నెల చివర పోర్ట్‌ఫోలియో తెరిచి నగదు శాతం చూడండి. నెల ముగిసిన పది రోజుల్లో ఆ జాబితా సైట్లో ఉండాలి.

ఆరో నెలలో రెండో మెట్టులోని పది కంపెనీల పరీక్షను అసలు పోర్ట్‌ఫోలియోతో మళ్లీ చేయండి. పత్రంలో చెప్పిన థీమ్, కొన్న షేర్లు ఒకటేనా? నాలుగో మెట్టులోని కూడిక కూడా నిజమైన అంకెలతో మళ్లీ కట్టండి.

ఏడాదికి ఒకసారి, అదే తేదీన, ఫండ్ రాబడిని దాని టోటల్ రిటర్న్ సూచీతో పోల్చి పక్కపక్కన రాయండి. సూచీ ఫండ్ అయితే తేడా ఖర్చుల శాతానికి దగ్గరగా ఉండాలి, అంతకు బాగా మించితే కారణం వెతకండి. మేనేజర్ ఎంచుకునే ఫండ్ అయితే మూడేళ్ల తర్వాతే తీర్పు చెప్పండి.

చేరకుండా ఆగినవారికి కూడా ఇదే తేదీ పనికొస్తుంది. ఎస్‌ఐడీ, మీ కాగితం ఒకే కవరులో పెట్టి, ఫండ్ పేరు మీద ఏడాది తర్వాతి తేదీ వేయండి. ఆ రోజు పన్నెండు పోర్ట్‌ఫోలియోలు, అసలు ఖర్చుల శాతం, ఒక ఏడాది రాబడి మీ ముందు ఉంటాయి. శుక్రవారం గడువు రోజున వీటిలో ఒక్కటీ లేదు.